యూవీ ట్యూబు ఎంతసేపు వేయాలన్నది రెండో ప్రశ్న

ప్రశ్న: మా అబ్బాయి తెనాలిలో చిన్న దంతవైద్యశాల నడుపుతున్నాడు. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన నేను అక్కడి లెక్కలూ సామానూ చూసుకుంటున్నాను. రోగులను చూసే గది పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉంటుంది. క్రిములు చస్తాయని కరోనా రోజుల్లో సీలింగుకు 30 వాట్ల యూవీ ట్యూబు బిగించాం. దాని స్విచ్ ఫ్యాన్ స్విచ్ పక్కనే ఉంది. రాత్రి తాళం వేసేటప్పుడు వేసి, పొద్దున వచ్చాక ఆపుతున్నాం. గత నెలలో ఒక సాయంత్రం గది తుడిచే ఆవిడ దాన్ని నీలం రంగు బెడ్‌లైటు అనుకుని, వేసుకుని పని చేసుకుంది. అర్ధరాత్రి నుంచి ఆవిడ కళ్లలో కారం కొట్టినట్టు మంట, ధారగా నీళ్లు; ముఖం కూడా ఎర్రగా కమిలింది. రెండు రోజులకు తగ్గింది. ఇప్పుడు ఆ ట్యూబు తీసేయాలా? ఉంచితే ఎంతసేపు వేయాలి? పొద్దున తలుపు తీయగానే వచ్చే ఘాటు వాసన ఏమిటి? యూవీ పెట్టె ఉంటే పరికరాలను ప్రతిసారీ ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో పెట్టనక్కర్లేదని అమ్మినవాళ్లు చెప్పారు, నిజమేనా? మా కోడలు ఆన్‌లైన్‌లో టార్చిలైటు లాంటి యూవీ కర్ర తెప్పించి పసివాడి బొమ్మల మీద తిప్పుతోంది. అది మంచిదేనా?
— ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం:

మాస్టారికి నమస్కారం.

ముందుగా గది తుడిచే ఆవిడ సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు అడిగిన మిగతావాటికి సమాధానం అక్కడే మొదలవుతుంది. ఆవిడకు వచ్చింది కళ్లకలక కాదు, దుమ్ము పడటం వల్ల వచ్చిన మంటా కాదు. నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన కార్నియా పైపొర అతినీలలోహిత (యూవీ) కిరణాలకు కమిలిపోవడం వల్ల వచ్చిన బాధ అది. ముఖానికి అద్దం అడ్డుపెట్టుకోకుండా వెల్డింగు చేసినవాళ్లకు రాత్రికి వచ్చేదీ ఇదే. కిరణాలు తగిలినప్పుడు ఏమీ తెలియదు. ఆరేడు గంటలు గడిచాక, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, మంట మొదలవుతుంది. అందువల్లే కారణం దీపమని చాలామందికి తట్టదు. 2020లో అమెరికాలోని మయామిలో ఉన్న బాస్కమ్ పామర్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు, క్రిమిసంహారక యూవీ దీపాల వల్ల ఇలాగే కళ్లు దెబ్బతిన్న ఏడుగురి వివరాలను ప్రచురించారు. వాళ్లందరూ ఇంట్లోనో పనిచేసే చోటనో కొత్తగా తెచ్చిపెట్టుకున్న దీపాలకు గురైనవారే.

మీ గదిలో ఎంత మోతాదు పడి ఉంటుందో లెక్క వేయడం కష్టమేమీ కాదు. ఈ ట్యూబులో పాదరసపు ఆవిరి ఉంటుంది. అది వెలువరించే అతినీలలోహిత కాంతిలో దాదాపు అంతా 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరే ఉంటుంది. దీన్నే యూవీ-సీ అంటారు. సూర్యుడి నుంచి వచ్చే యూవీ-సీని పైనున్న ఓజోను పొరా, గాలీ పూర్తిగా ఆపేస్తాయి కనుక నేల మీద ఏ ప్రాణికీ దాని అలవాటు లేదు. ఈ తరంగదైర్ఘ్యం వద్ద ఎనిమిది గంటల పనిదినం మొత్తం మీద కంటికీ చర్మానికీ తగలదగిన గరిష్ఠ మోతాదు చదరపు సెంటీమీటరుకు 6 మిల్లీజౌళ్లని ఐసీఎన్ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘం నిర్ణయించింది. కొత్త 30 వాట్ల ట్యూబు నుంచి ఒక మీటరు దూరంలో చదరపు సెంటీమీటరుకు దాదాపు 100 మైక్రోవాట్లు (సెకనుకు 0.1 మిల్లీజౌలు) పడతాయి. అంటే అక్కడ ఉన్న కంటికి రోజంతటికీ సరిపడే హద్దు అరవై సెకన్లలో దాటిపోతుంది. తొమ్మిది అడుగుల ఎత్తున ట్యూబు ఉన్న గదిలో నిలబడి తుడిచే మనిషి ముఖానికి ఒకటి రెండు నిమిషాలు చాలు. ఆవిడ పావుగంట పనిచేసిందనుకున్నా, హద్దుకు ఎన్ని రెట్లు తగిలిందో మీరే లెక్క కట్టగలరు.

ఆవిడను తప్పు పట్టడానికి మాత్రం ఏమీ లేదు. యూవీ-సీ కంటికి కనబడదు. ట్యూబులో కనిపించే లేత నీలం వెలుగు పాదరసం వెలువరించే మామూలు కాంతిలో ఒక చిన్న భాగం, అంతే. కళ్లు మిరుమిట్లు గొలపవు, రెప్ప తనంతట తాను మూతపడదు, వేడీ తగలదు. అటువంటి దీపపు స్విచ్‌ను ఫ్యాన్ స్విచ్ పక్కన పెట్టి, దాని మీద ఒక ముక్క కూడా రాయకపోతే ఎవరో ఒకరు ఏదో ఒక రోజు వేయక మానరు. మళ్లీ ఎవరికైనా ఇలా జరిగితే కళ్లు నలపనివ్వకండి. చల్లటి తడిగుడ్డ వేసి, చీకటిగా ఉన్న చోట కూర్చోబెట్టి కంటివైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి. చనుబాలు పిండటం, ఆముదం చుక్కలు వేయడం మన వైపు ఇంకా ఉన్నాయి, అవి వద్దు. నొప్పి తెలియకుండా తిమ్మిరెక్కించే చుక్కల మందును సొంతంగా కొని వేసుకుంటే కార్నియా మానడం ఇంకా ఆలస్యమవుతుంది.

ఇక ట్యూబు తీసేయాలా అంటే, ఈ రోజుకైతే తీసేయండి. హోల్డరు నుంచి విప్పి, కాగితంలో చుట్టి పక్కన పెట్టండి. వైరింగు మార్చగలిగితే మళ్లీ బిగించుకోవచ్చు. మార్చే ఉద్దేశం లేకపోతే బిగించకపోవడమే మేలు. నా అభిప్రాయంలో యూవీ దీపం విషయంలో మొదట తేల్చుకోవలసింది అది ఎంతసేపు వెలగాలన్నది కాదు, గదిలో మనిషి ఉండగా అది వెలగడానికి దారే లేకుండా చేశామా అన్నది.

వైరింగు ఎలా ఉండాలో మీ ఎలక్ట్రీషియనుకు అర్థమయ్యేలా చెబుతాను. స్విచ్ గది బయట ఉండాలి, మిగతా స్విచ్‌బోర్డుకు దూరంగా ఉండాలి, వీలైతే తాళంచెవితో తిప్పేది కావాలి. తలుపు చట్రానికి ఒక లిమిట్ స్విచ్ బిగించి, తలుపు అంగుళం తెరుచుకున్నా దీపం ఆరిపోయేలా చేయాలి; తలుపు తిరిగి మూసినంత మాత్రాన అది మళ్లీ వెలగకూడదు, ఎవరో ఒకరు బయట నుంచి మళ్లీ బటన్ నొక్కాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా అంతే. పొలంలో మోటారుకు పెట్టే ఆటోస్టార్టరు రైతుకు ఎంత సుఖమో, ఇక్కడ అదే ఏర్పాటు అంత ప్రమాదం: రాత్రి వేసి మరిచిన దీపం కరెంటు పోతే ఆరి, పొద్దున అందరూ లోపల ఉండగా కరెంటు రాగానే తనంతట తానే వెలుగుతుంది. కాబట్టి కరెంటు పోగానే విడిపోయి, చేత్తో నొక్కితే తప్ప కలవని కాంటాక్టరు పెట్టించండి. బటన్ నొక్కిన తర్వాత దీపం వెలగడానికి అర నిమిషమో నిమిషమో ఆలస్యం ఉండేలా, నిర్ణయించిన సమయం కాగానే దానంతటదే ఆరేలా టైమరు కావాలి. దీపం వెలుగుతున్నంతసేపూ తలుపు బయట ఎర్రలైటు వెలగాలి. మనిషి కదలికను పసిగట్టే సెన్సరు అదనంగా ఉంటే మంచిదే కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. కదలకుండా కూర్చున్న మనిషి దానికి కనబడకపోవచ్చు. బోర్డు తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాయించండి.

మామూలు కిటికీ అద్దం 254 నానోమీటర్ల కాంతిని ఆపేస్తుంది కాబట్టి మూసిన అద్దాల తలుపు నుంచి చూడటం వల్ల ప్రమాదం లేదు. అయితే మన ఇళ్లలో తలుపు పైన తెరిచి ఉండే వెంటిలేటరునూ, గడప దగ్గర సందునూ మరిచిపోతుంటారు. పక్క గదిలో రోగులు వేచి ఉండే సమయంలో దీపం వేస్తే ఆ సందుల గుండా కాంతి అటు పడుతుంది. నున్నగా మెరిసే అల్యూమినియం రేకులు యూవీ-సీని బాగా పరావర్తనం చేస్తాయి. గోడకు వేసిన రంగు మాత్రం చాలావరకు పీల్చుకుంటుంది. ఆపరేషన్ ట్రేలు, రేకు బీరువాలు ఉన్న గదిలో ఈ తేడా గుర్తుంచుకోవాలి.

పెద్ద సంస్థలు తయారుచేసిన యంత్రాలను చూసినా మొదటి శ్రద్ధ ఇదేనని తెలుస్తుంది. 2020లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన ఢిల్లీ ప్రయోగశాల లాస్టెక్ రూపొందించిన యూవీ బ్లాస్టరులో ఒక్కొక్కటి 43 వాట్ల యూవీ-సీ ఇచ్చే దీపాలు ఆరు, అన్ని వైపులకూ కాంతి పడేలా ఉంటాయి. పన్నెండడుగుల చదరపు గదికి పది నిమిషాలు, 400 చదరపు అడుగుల చోటుకు యంత్రాన్ని అక్కడక్కడా జరుపుతూ ముప్పై నిమిషాలు పడుతుందని చెప్పారు. ఎవరైనా పొరపాటున తలుపు తీస్తే అది ఆరిపోతుంది. అదే సంవత్సరం హైదరాబాదులోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, కరెన్సీ నోట్ల కోసం చేసిన పెట్టెలో కూడా సొరుగు పూర్తిగా లోపలికి వెళ్లాకే దీపం పనిచేస్తుంది.

ఇప్పుడు ఎంతసేపు అన్న ప్రశ్నకు వద్దాం. క్రిమికి కావలసింది మోతాదు, అంటే పడే కాంతి తీవ్రతను సెకన్లతో గుణిస్తే వచ్చేది. యూవీ-సీ సూక్ష్మజీవి డీఎన్ఏలో పక్కపక్కన ఉన్న థైమీన్ అనే భాగాలను ఒకదానికొకటి అతికించేస్తుంది, దానితో ఆ జీవి సంతతిని పెంచుకోలేదు. మామూలు బ్యాక్టీరియాలో నూటికి తొంభై పోవడానికి చదరపు సెంటీమీటరుకు కొన్ని మిల్లీజౌళ్లు చాలు. వెయ్యింటిలో ఒక్కటి మాత్రమే మిగలాలంటే అంతకు మూడింతలు కావాలి. బూజు బీజాలకు, కొన్ని బ్యాక్టీరియా బీజాలకు ఇది చాలదు, ఎన్నో రెట్లు పడాలి. మీ సీలింగు నుంచి రోగి కుర్చీ రెండు మీటర్ల దూరంలో ఉంటే అక్కడ పడేది పాతిక ముప్పై మైక్రోవాట్లు. ఇరవై మిల్లీజౌళ్లు చేరడానికి పదమూడు పద్నాలుగు నిమిషాలు పడుతుంది. గోడవారన ఉన్న అలమరకు దూరం ఎక్కువ, కాంతి ఏటవాలుగా తగులుతుంది, కాబట్టి అక్కడ అందులో మూడో వంతో నాలుగో వంతో పడుతుంది. ట్యూబు పాతబడి ఉండటం, దాని మీద దుమ్ము చేరడం కూడా కలిపి చూసుకుంటే, మీ గదికి రోజుకు నలభై నిమిషాల నుంచి గంట వరకు వేస్తే న్యాయం జరుగుతుంది. రాత్రంతా వెలగనివ్వడం వల్ల దక్కేదేమీ లేదు, పైగా నష్టాలు కొన్ని ఉన్నాయి. కుర్చీ రెక్సిను పగులుతుంది, రబ్బరు గొట్టాలు గట్టిపడతాయి, ప్లాస్టిక్ పసుపు రంగుకు తిరుగుతుంది. ఇటువంటి ట్యూబుల ఆయుష్షు సాధారణంగా తొమ్మిది వేల గంటలు. రాత్రికి పది గంటల లెక్కన రెండున్నరేళ్లలో అది కరిగిపోతుంది. ఆ తర్వాత కూడా నీలం వెలుగు కనబడుతూనే ఉంటుంది, క్రిములను చంపే కాంతి మాత్రం బాగా తగ్గిపోయి ఉంటుంది. మీరు కరోనా రోజుల్లో బిగించినది అప్పటి నుంచి రోజూ వెలుగుతుంటే, తిరిగి బిగించేటప్పుడు కొత్తది కొనడమే సబబు.

అయితే ఈ లెక్కలన్నీ కాంతి నేరుగా పడే చోటుకే వర్తిస్తాయి. నీడ పడిన చోట మోతాదు దాదాపు సున్నా. కుర్చీ చేతుల కింది వైపు, రోగి నోటి మీదికి లాగే లైటు పిడి వెనుక భాగం, సొరుగు అంచుల అడుగు, ఇవన్నీ నీడలోనే ఉంటాయి. వైద్యుని చేతులు ఎక్కువగా తగిలేవీ ఇవే. ఎండిన లాలాజలం, రక్తపు మరక, దుమ్ము పొర కింద దాగిన క్రిమికి ఈ కాంతి అందదు. అందుకే రోగి మారిన ప్రతిసారీ క్రిమిసంహారక ద్రవంతో ఆ చోట్లను తుడవడమే అసలు పని, యూవీ దాని మీద అదనం. అమెరికాలో తొమ్మిది ఆసుపత్రుల్లో చేసి 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, మామూలు శుభ్రతకు యూవీని జోడించినప్పుడు మందులకు లొంగని క్రిముల ఇన్ఫెక్షన్లు, ఆ తర్వాత అదే గదిలో చేరిన రోగుల్లో దాదాపు 30 శాతం తగ్గాయి. బ్లీచింగు ద్రవంతో తుడిచిన గదుల్లో యూవీని జోడించినందువల్ల చెప్పుకోదగ్గ అదనపు లాభం కనబడలేదు. ఆ ఫలితం నుంచి మీ క్లినిక్కుకు తీసుకోవలసింది ఇది: తుడవడం మానేసి దీపం వేస్తే లాభం లేదు, బాగా తుడిచిన చోట దీపం చేసే మేలు కూడా కొద్దిగానే ఉంటుంది.

దంతవైద్యంలో ఇంకో సమస్య, డ్రిల్లు తిరిగేటప్పుడు గాలిలోకి లేచే సన్నని తుంపర. రాత్రి వేసే దీపం పగలు రోగి ఎదుట ఉండగా లేచే తుంపరను ఏమీ చేయలేదు. దానికి సక్షన్ గొట్టం, ఎగ్జాస్ట్ ఫ్యాను, తెరిచిన కిటికీ కావాలి. మనుషులు ఉండగానే పనిచేసే యూవీ పద్ధతి ఒకటి ఉంది: ఏడడుగుల కంటే ఎత్తున, సన్నని రేకుల బిగింపుతో కాంతి పైవైపే పరుచుకునేలా దీపాలు అమర్చి, గది గాలి పైకీ కిందికీ కలిసేలా ఫ్యాన్లు తిప్పుతారు. అమెరికా శాస్త్రవేత్త విలియం వెల్స్ 1930ల్లోనే ఫిలడెల్ఫియా ప్రాంతపు పాఠశాలల్లో తట్టు వ్యాప్తిని తగ్గించడానికి దీన్ని వాడి చూశాడు. క్షయ వ్యాప్తిని నివారించే చర్యల్లో భాగంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019 మార్గదర్శకాల్లో దీన్ని సూచించింది. కానీ ఇది మీ ట్యూబు వంటిది కాదు. బిగించాక కళ్ల ఎత్తున ఎంత కాంతి చిందుతోందో మీటరుతో కొలిచి చూసే నిపుణుడు లేనిదే దీని జోలికి వెళ్లకండి.

ఘాటు వాసన ఓజోనుది అయి ఉండాలి. పాదరసపు ఆవిరి 254తో పాటు 185 నానోమీటర్ల కాంతిని కూడా కొద్దిగా వెలువరిస్తుంది. అది గాలిలోని ఆక్సిజన్‌ను విడగొట్టి ఓజోనుగా మారుస్తుంది. 185 బయటకు రాకుండా ఆపే గాజుతో చేసిన ట్యూబులు మార్కెట్లో ఉన్నాయి, వాటిని ఓజోన్-ఫ్రీ అని అమ్ముతారు. చవక ట్యూబుల్లో ఆ గాజు ఉండకపోవచ్చు. ఓజోను ఊపిరితిత్తులను రేపుతుంది, ఉబ్బసం ఉన్నవారికి మరీ చెడ్డది. కొత్త ట్యూబు కొనేటప్పుడు ఓజోను రానిదే అడగండి. అప్పటికీ ప్లాస్టిక్, దుమ్ము కాంతికి మాడి కొద్దిపాటి వాసన రావచ్చు. ఏ వాసన వచ్చినా దీపం ఆర్పిన తర్వాత కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ వేసి, అరగంట ఆగి లోపలికి వెళ్లడం మంచిది.

యూవీ పెట్టె గురించి అమ్మినవాళ్లు చెప్పిన మాట పూర్తిగా తప్పు, అది ప్రమాదకరం కూడా. పళ్లు పీకే పట్టకారుకు కీలు ఉంటుంది, పళ్ల గార తీసే స్కేలరుకు గరుకు అంచు ఉంటుంది, ట్రే మీద ఆనిన వైపుకు కాంతి తగలనే తగలదు. నోట్లో రక్తాన్ని తాకే పరికరానికి కావలసింది బీజాలతో సహా సమస్త జీవులూ నశించడం. అది ఆటోక్లేవ్‌లో, 121 డిగ్రీల ఆవిరిలో, పదిహేను పౌండ్ల ఒత్తిడి దగ్గర, తయారీదారు చెప్పిన నిమిషాలు ఉంచితేనే సాధ్యం. ప్రతి రోగికీ, ప్రతిసారీ అంతే. పరికరాలను కడిగి, పౌచ్‌లో పెట్టి సీలు చేసి ఆటోక్లేవ్ చేశాక అదే పౌచ్‌లో నిల్వ ఉంచుకుంటే యూవీ పెట్టె అవసరమే ఉండదు. పౌచ్ కాగితం, ప్లాస్టిక్ రెండూ యూవీ-సీని అడ్డుకుంటాయి కనుక అందులో పెట్టినా ఒరిగేది లేదు. బ్యూటీ పార్లర్లలో దువ్వెనలు పెట్టే నీలం కాంతి పెట్టెల సంగతీ దాదాపు ఇంతే.

ఇక కోడలుగారి యూవీ కర్ర. ఆన్‌లైన్‌లో అమ్మేవాటిలో చాలావరకు 395 నానోమీటర్లకు పైన ఊదా రంగు కాంతి ఇచ్చే ఎల్ఈడీలు ఉంటాయి. నోట్లను పరీక్షించే దీపాల్లో వాడేవీ అటువంటివే. వాటివల్ల బొమ్మ మీది క్రిములు చావవు. నిజంగానే యూవీ-సీ ఇచ్చేదైతే క్రిములు చావడం మాట అటుంచి, దాన్ని పట్టుకున్న చేతికీ పక్కన ఉన్న పసివాడి కళ్లకూ ముప్పు. కొన్ని రకాల కర్రలు వాడేవారికీ, చుట్టుపక్కల ఉన్నవారికీ హానికరమైన మోతాదులో యూవీ-సీని ఇస్తున్నాయని అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది. చేతులమీద, చర్మంమీద యూవీ దీపాలు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా కాలంలోనే స్పష్టంగా చెప్పింది. బొమ్మలకు సబ్బునీళ్లు చాలు, గుడ్డబొమ్మలను ఉతికి ఎండలో ఆరేయండి, ఫోనుకు 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన మెత్తని గుడ్డ. ఆ కర్రను ఎవరికీ ఇవ్వకుండా పక్కన పడేయమని నా సలహాగా చెప్పండి. పసివాడి గదికి సీలింగు దీపం మాటా తలపెట్టవద్దు.

చివరగా ట్యూబు సంరక్షణ. నెలకొకసారి దీపం ఆర్పి, చల్లారాక, ఆల్కహాలు తడిపిన గుడ్డతో తుడవండి. చేతి వేళ్ల జిడ్డు గాజు మీద పడకుండా చేతితొడుగులు వేసుకోండి. వెలిగిన గంటలు ఒక పుస్తకంలో రాసుకోవడం మీవంటి లెక్కలవారికి భారం కాదు. ట్యూబు పగిలితే చీపురుతో ఊడ్చకండి, వాక్యూమ్ క్లీనరూ వాడకండి, పాదరసం గాలిలో చెల్లాచెదురవుతుంది. అందరినీ బయటకు పంపి, కిటికీలు తెరిచి, పావుగంట తర్వాత చేతితొడుగులతో అట్టముక్క మీదకు పెంకులను ఎత్తి, మిగిలిన పొడిని అంటుకునే టేపుతో అద్ది తీసి, మూత గట్టిగా పడే సీసాలో వేయండి. పాదరసం ఉన్న దీపాలు ఇ-వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి కనుక పాత ట్యూబును గానీ, ఆ సీసాను గానీ మున్సిపాలిటీ చెత్తబండిలో వేయకుండా, ఇ-వ్యర్థాలు సేకరించే అధీకృత సంస్థకు అప్పగించి రసీదు తీసుకోండి.